బాట మీదే బండి: మోయాబ్ ఎడారి నుంచి ఒక డ్రైవర్ వాదన

“గవర్నమెంటు భూమే కదా, మనం కట్టే ట్యాక్సులే కదా, బండి ఎక్కడ తిప్పుకుంటే వీళ్ళకేంటి?”

కొలరాడో, యూటా వైపు జీపులూ ఫోర్‌రన్నర్లూ వేసుకుని తిరిగే మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఈ మాట ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. ఫలానా ట్రెయిల్ మూసేశారట అని ఎవరైనా వార్త పెడితే చాలు, గ్రూపంతా భగ్గుమంటుంది. ఆ కోపం నాకు అర్థమవుతుంది. నేను డెన్వర్ దగ్గర ఉంటాను. వరసగా సెలవులు దొరికితే యూటా ఎడారిలో ఉన్న మోయాబ్ ఊరి దారి పడతాను. టైర్లలో గాలి తగ్గించి, లో రేంజ్ గేరు వేసి, ఎర్రటి బండల మీద మనిషి నడక కన్నా నెమ్మదిగా బండి ఎక్కించడంలో ఉన్న ఆనందం నాకు మరెందులోనూ దొరకలేదు. సాయంత్రం ఆ బాట పక్కనే టెంటు వేసి, కుక్కర్ పెట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూ కూర్చోవడం ఇంకా ఇష్టం.

అయినా ఆ మాట తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను. బాట వదిలి పక్కకి పోకూడదన్న నియమాన్ని బండివాళ్ళమే అందరికన్నా గట్టిగా పట్టుకోవాలి. కొన్ని బాటలు మూసేస్తామంటే ఒప్పుకోవాలి. అలా చేస్తేనే మిగతా బాటలు మన పిల్లలు నడిపే రోజుకి ఉంటాయని నా గట్టి నమ్మకం.

ముందు ఈ భూముల సంగతి చెప్పాలి. పడమటి రాష్ట్రాలకు టూరు వెళ్ళే మనవాళ్ళు ఎక్కువమంది నేషనల్ పార్కులు చూసి, హోటల్లో పడుకుని వెనక్కి వచ్చేస్తారు. మోయాబ్ పక్కనే ఉన్న ఆర్చెస్ పార్కులో జనం తాకిడి తట్టుకోలేక 2022లో టైమ్ స్లాట్ ముందే బుక్ చేసుకుని రమ్మనే పద్ధతి మొదలుపెట్టారు. ఆ పార్కు గేటుకు కొద్ది మైళ్ళ దూరంలోనే అవే ఎర్ర కొండలు, అవే లోయలు ఉంటాయి. గేటు ఉండదు, టికెట్టు ఉండదు. అది బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్, అంటే అందరూ బీఎల్ఎం అని పిలిచే సంస్థ చూసుకునే భూమి. దేశం మొత్తం మీద ఆ సంస్థ చేతిలో దాదాపు 24.5 కోట్ల ఎకరాలున్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా 7 కోట్ల ఎకరాలు ఉండవు. ఇది కాక ఫారెస్ట్ సర్వీస్ కింద ఇంకో 19 కోట్ల ఎకరాల పైచిలుకు ఉంది.

ఈ భూముల్లో చాలాచోట్ల, ఇదివరకు ఎవరో టెంటు వేసిన జాగా చూసుకుని మనమూ వేసుకోవచ్చు. డిస్పర్స్‌డ్ క్యాంపింగ్ అంటారు దీన్ని. రిజర్వేషన్ లేదు, అద్దె లేదు. మామూలుగా 28 రోజుల్లో 14 రోజుల దాకా ఒక ప్రాంతంలో ఉండొచ్చు. పేరు అడగరు, ఏ వీసా మీద వచ్చావని అడగరు. ఇండియాలో అనుమతి లేకుండా రిజర్వు ఫారెస్టులోకి బండి తోలితే కేసవుతుంది. అక్కడినుంచి వచ్చినవాడికి ఇదంతా మొదట్లో నమ్మబుద్ధి కాదు. ఎవరైనా వచ్చి లేపేస్తారేమోనని రాత్రంతా టెన్షన్ పడేవాళ్ళని చూశాను.

ఎవరూ రారు. కాపలా లేకపోవడమే ఇక్కడి పద్ధతి. రేంజర్లు చాలా తక్కువమంది, వాళ్ళు చూసుకోవాల్సిన భూమి జిల్లాలకు జిల్లాలంత ఉంటుంది. కాబట్టి ఈ ఏర్పాటంతా వచ్చేవాళ్ళ బుద్ధి మీద ఆధారపడి నడుస్తోంది. ఆ బుద్ధి తప్పినచోట స్వేచ్ఛ ఎలా కుదించుకుపోతుందో చూడాలంటే కాలిఫోర్నియాలో అలబామా హిల్స్‌కి వెళ్ళండి. సియెర్రా నెవాడా కొండల కింద, గుండ్రటి బండల మధ్య ఒకప్పుడు ఎక్కడ కావాలంటే అక్కడ పడుకునేవాళ్ళు. జనం పెరిగారు, బండ్లు పొదల మీద నుంచి కొత్త దారులు వేశాయి, చెత్త పేరుకుంది. ఇప్పుడు అక్కడ పర్మిట్ తీసుకోవాలి, గుర్తు పెట్టిన చోటే ఆగాలి. మోయాబ్ ఊరి చుట్టుపక్కల కూడా చాలా రోడ్ల వెంట ఇప్పుడు గుర్తించిన సైట్లలోనే క్యాంపు వేయాలి, కట్టెలు ఏరకూడదు, టాయిలెట్ వెంట తెచ్చుకోవాలి. ఆఫీసులో కూర్చున్న ఎవరికో మన మీద కోపం వచ్చి ఇవి పుట్టలేదు. మన ముందు వచ్చినవాళ్ళ టైరు జాడల్లోంచి పుట్టాయి.

అలాగని మోటారు బండ్లే ఉండకూడదనే వాళ్ళతో నేను ఏకీభవించను. నడిచి వెళ్ళలేనివాడికి ఆ అందం చూసే అర్హత లేదన్నట్టు కొందరు హైకర్లు మాట్లాడతారు. మా నాన్నగారికి మోకాళ్ళు అరిగిపోయాయి, అర కిలోమీటరు నడిస్తే కూర్చోవాలి. ఆయన గ్రీన్ రివర్ లోయ అంచున కుర్చీ వేసుకుని కూర్చున్నారంటే అక్కడిదాకా జీపు పోయే బాట ఉండబట్టే. పసిపిల్లలున్నవాళ్ళకీ, పెద్దవాళ్ళకీ, వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్ళకీ ఆ బాటే కాళ్ళు. మోటారు బండ్లు పోకూడని భూమి చాలా ఉంది. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం కింద కేటాయించిన చోట్ల సైకిలు తొక్కడానికి కూడా వీల్లేదు, అది అలాగే ఉండాలి. మిగిలినచోట నడిచేవాళ్ళతో పాటు మనకీ స్థానం ఉంది. ఆ స్థానం ఎక్కడివరకూ అన్నదే ప్రశ్న.

ఇక్కడ మనవాళ్ళు, స్థానికులు కూడా, తెచ్చే వాదన ఒకటుంది: ఇవి తాతల కాలం నాటి రోడ్లు, మూసే హక్కు ఎవరికీ లేదు అని. మన పల్లెల్లో డొంక దారి గొడవలు చూసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. ఎడ్లబండ్లు తరతరాలుగా తిరిగిన డొంకని ఎవడో కలిపేసుకుంటే ఊరంతా కొట్లాడుతుంది, కొట్లాడాలి కూడా. ఇక్కడా 1866 నాటి చట్టంలో ఒక చిన్న వాక్యం ఉంది. ప్రభుత్వ భూమి మీద రోడ్డు వేసుకునే హక్కు అది ఇచ్చింది. 1976లో దాన్ని రద్దు చేస్తూ అప్పటికే ఉన్న హక్కుల్ని మాత్రం ఉంచారు. దాని ఆధారంగా యూటా రాష్ట్రం వేల బాటలు మావేనంటూ కోర్టుల్లో దావాలు వేసింది.

అయితే మోయాబ్ చుట్టూ ఉన్న చాలా బాటల పుట్టుక వేరు. వాటి మీద ఏ ఊరి బండీ ఏ ఊరికీ పోలేదు. 1952లో చార్లీ స్టీన్ అనే జియాలజిస్టుకి మోయాబ్ దక్షిణాన పెద్ద యురేనియం నిక్షేపం దొరికింది. అణ్వాయుధాల కోసం ప్రభుత్వం యురేనియం ఎంత దొరికితే అంత కొనే రోజులవి. జనం రేడియేషన్ పసిగట్టే గీగర్ కౌంటర్లు పట్టుకుని ఎగబడ్డారు. బుల్‌డోజర్లు కొండల్ని గీరి దారులు చేశాయి. ఈ రోజు క్యాన్యన్‌ల్యాండ్స్ పార్కులో పర్మిట్ కోసం అందరూ పోటీపడే వైట్ రిమ్ రోడ్డు, దాదాపు వంద మైళ్ళ దారి, అణుశక్తి సంఘం ఆ రోజుల్లో యురేనియం వెతుకులాట కోసం వేయించిందే. తర్వాత చమురు వెతికేవాళ్ళు భూమి లోపల ఏముందో చూడటానికి గీతల్లాంటి దారులు కొట్టారు. కొన్ని ఎక్కడికీ పోవు. ఒక మైలు వెళ్ళి, ఏమీ దొరక్క ఆగిపోతాయి. వైట్ రిమ్ లాంటివి అదృష్టవశాత్తు అద్భుతమైన దారులయ్యాయి, వాటిని కాపాడుకుందాం. ఎక్కడో ఆగిపోయిన ప్రతి బుల్‌డోజర్ గీతనీ వారసత్వం అనడం మాత్రం నాకు కుదిరే మాటగా అనిపించదు.

బాట పక్కకి ఒక్కసారి చక్రం దిగితే ఏమవుతుందో చెబుతాను. నియమాల వెనకున్న అసలు కారణం అక్కడే ఉంది. ఆ ఎడారిలో ఇసుక మీద నల్లగా, గరుకుగా, చిన్న చిన్న బురుజులు లేచినట్టు ఒక పొర కనబడుతుంది. తెలియనివాళ్ళు మాడిన మట్టి అనుకుంటారు. అది ప్రాణమున్న పొర. సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు, నాచు, రాళ్ళ మీద పొరలా పెరిగే లైకెన్లు కలిసి ఇసుక రేణువుల్ని సన్నటి పోగులతో కట్టిపడేస్తాయి. వాన నీటిని కాస్తైనా నిలుపుతాయి, గాలిలోని నైట్రోజన్‌ని మట్టికి అందిస్తాయి. గడ్డి మొలవాలన్నా, జూనిపర్ చెట్టు విత్తు నిలవాలన్నా ఆ పొర ఉండాలి. టైరు ఒక్కసారి పోతే పొర చిట్లిపోతుంది. తిరిగి పైకి కనబడటానికే ఏళ్ళు పడుతుంది, లైకెన్లతో సహా పూర్తిగా కోలుకోవడానికి దశాబ్దాలు, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధంలో జనరల్ ప్యాటన్ కాలిఫోర్నియా, ఆరిజోనా ఎడారుల్లో సైనికులకు శిక్షణా కేంద్రం పెట్టాడు. 1942–44 మధ్య అక్కడ తిరిగిన ట్యాంకుల జాడలు మొహావీ ఎడారిలో ఇప్పటికీ కనబడతాయి. ఎనభై ఏళ్ళు దాటింది.

చెదిరిన మట్టి అక్కడే పడి ఉండదు. వసంతకాలం గాలులకు లేచి తూర్పుకి, మా కొలరాడో కొండల మీది మంచు మీద పడుతుంది. తెల్లటి మంచు ఎర్రబారితే ఎండని ఎక్కువ పీల్చుకుని వారాల ముందే కరిగిపోతుంది. సాన్ హువాన్ కొండల్లో పరిశోధకులు దీన్ని ఏళ్ళ తరబడి కొలుస్తున్నారు. కొలరాడో నదికి వచ్చే నీళ్ళ లెక్కే దీనివల్ల తప్పుతుంది. డెన్వర్ తాగే నీళ్ళలో దాదాపు సగం ఆ నది పరీవాహకం నుంచి వచ్చేవే. ఈ దుమ్ముకి మన జీపులొక్కటే కారణం అనడం లేదు. నూట యాభై ఏళ్ళ పశువుల మేత, చమురు పనులు, సాగు, అన్నీ ఉన్నాయి. మన వాటా మన చేతిలో ఉంది కాబట్టి దాని గురించి మాట్లాడుతున్నాను.

ఇంకో సంగతి. మొదటి టైరు జాడ ఒక్కదానితో కథ ఆగిపోదు. వెనక వచ్చేవాడు ఆ జాడ చూసి, ఇటు దారుందనుకుని తిప్పుతాడు. మూడో బండికి అది బాట అయిపోతుంది. వాన పడితే నీళ్ళు ఆ గాడినే పట్టుకుని కోస్తాయి. ఎండాకాలం చివర, జులై నుంచి సెప్టెంబరు దాకా వచ్చే గాలివానల్లో ఒక్క గంట వర్షం చాలు, గాడి కాలువ అవుతుంది. బురద గుంట వచ్చిందని పక్కనుంచి తప్పుకుపోయే ప్రతి డ్రైవరూ బాటని ఒక బండి వెడల్పు పెంచుతున్నట్టే. గుంట లోతు దిగి చూసుకుని మధ్యలోంచే పోవాలి, లేదంటే వెనక్కి తిరగాలి. యూటాలోనే సాన్ రఫేల్ స్వెల్ అనే ప్రాంతం వైపు బూడిద రంగు బంకమట్టి ఉంటుంది. అది తడిస్తే ఏ ఫోర్ వీల్ డ్రైవూ పనిచేయదు, టైరు చుట్టూ ముద్దగా పట్టేస్తుంది. వాన పడిన మర్నాడు టెంటు దగ్గరే ఆగిపోవడం అందరికీ మంచిది. అలా ఇరుక్కున్న బండిని లాగడానికి టో ట్రక్కు వస్తే వేల డాలర్లవుతుంది, ఆ ట్రక్కు చేసే గోతులు వేరే.

దిగబడకుండా ఉండటానికి గాలి తగ్గించడం అన్నిటికన్నా ముఖ్యం. హైవే మీద గాలి ఒత్తిడి 35 పీఎస్ఐ ఉన్న టైరుని మట్టి బాట మీద 20 దగ్గరికి తెస్తే రబ్బరు వెడల్పుగా పరుచుకుంటుంది, చక్రం జారి తవ్వడం తగ్గుతుంది, రోడ్డు కూడా పాడవదు. తిరిగి నింపుకోవడానికి చిన్న కంప్రెసర్ ఉండాలి. ఫోన్‌లో సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాపులు ముందే దించుకోవాలి. ఫారెస్ట్ సర్వీస్ 2005 నుంచి ఏ దారిలో ఏ బండి పోవచ్చో చూపించే మ్యాపులు తయారుచేసి ఉచితంగా ఇస్తోంది. వాటిలో లేని దారి లేనట్టే లెక్క. నేల మీద టైరు జాడ ఎంత స్పష్టంగా కనిపించినా సరే.

మలం సంగతి కూడా మొహమాటం లేకుండా చెప్పాలి. మన గుంపుల్లో పదిహేను మంది దాకా కలిసి పోతారు. తడి నేలల్లో పాతిపెడితే మట్టిలో కలిసిపోతుంది, ఈ ఎడారిలో కలవదు. ఎండిపోయి అలాగే ఉంటుంది, గాలికి పైకి తేలుతుంది. అందుకని ప్రత్యేకమైన సంచుల్లో కట్టి వెనక్కి తెచ్చుకోవాలి. ఆడవాళ్ళకీ పిల్లలకీ ఇబ్బంది లేకుండా చిన్న పోర్టబుల్ టాయిలెట్, దాని చుట్టూ నిలబెట్టే గుడారం వంద డాలర్ల లోపే దొరుకుతాయి.

ఇప్పుడు గొడవ అసలు ఎక్కడుందో అక్కడికి వస్తాను. 2023 సెప్టెంబరులో బీఎల్ఎం మోయాబ్‌కి వాయవ్యంగా, లాబిరింత్ రిమ్స్, జెమినీ బ్రిడ్జెస్ అనే ప్రాంతంలో మూడు వందల మైళ్ళకు పైగా బాటల్ని మోటారు బండ్లకు మూసేసింది. అంతకు ముందు అక్కడ పదకొండు వందల మైళ్ళకు పైగా తెరిచి ఉండేవి. ఆఫ్‌రోడ్ సంఘాలు మండిపడ్డాయి, కోర్టుకెళ్ళాయి. వాషింగ్టన్‌లో ప్రభుత్వం మారాక ఆ నిర్ణయం మళ్ళీ చర్చకొచ్చింది. మన గ్రూపుల్లో కూడా రెండే జట్లు: అన్నీ తెరవాలి, లేదా మనకెందుకు వదిలేయ్.

ఆ రెండూ కాకుండా బాటవారీగా చూడాలి. టెన్ మైల్ క్యాన్యన్ అడుగున పోయే దారి మూసినందుకు నాకు బాధ లేదు. అది వాగు. ఆ ఎండు ప్రాంతంలో నీరూ, పచ్చచెట్లూ ఉన్న కొద్ది చోట్లలో ఒకటి. బండి ఆ వాగులోంచే పదే పదే దాటుతూ పోవాలి. హే జో క్యాన్యన్ వైపు నది ఒడ్డునే పోయే దారీ అంతే. లాబిరింత్ లోయలో గ్రీన్ రివర్ మీద పడవలేసుకుని రోజుల తరబడి నిశ్శబ్దంగా తేలిపోయే జనం ఉంటారు. పక్కనే సైడ్ బై సైడ్ అనే చిన్న ఆఫ్‌రోడ్ బండ్ల రొద లోయంతా మోగితే వాళ్ళ యాత్ర పాడైనట్టే. పై మెట్ట మీద నడపడానికి మనకి వందల మైళ్ళున్నాయి, వాళ్ళకి ఆ నది ఒక్కటే.

లోయ అంచుకి పోయే చిన్న చిన్న కొసదారులు మూయడం దగ్గర నేను ఒప్పుకోను. పావు మైలు పోయి అంచు దగ్గర ఆగే ఆ ముక్కల్లోనే ఒక్కో కుటుంబం ఒక్కో చోట, ఒకరికొకరు కనబడకుండా టెంటు వేసుకునేవాళ్ళు. అవి మూస్తే ఆ జనం ఇళ్ళలో కూర్చోరు. మిగిలిన నాలుగు సైట్ల మీద పడతారు, అవి రెండేళ్ళలో పార్కింగ్ లాటులా తయారవుతాయి. ముసలివాళ్ళు అంచు దాకా చేరే వీలు కూడా పోతుంది. పైగా మ్యాపు మీద గీత చెరిపేసి, నేల మీద ఒక బోర్డు కూడా పెట్టకపోతే తెలియనివాడు పోతూనే ఉంటాడు, తెలిసి ఆగినవాడే నష్టపోతాడు. మూసినచోట రాళ్ళు అడ్డం పెట్టి, పొద నాటి, జాడ చెరిపే పనికి డబ్బూ మనుషులూ కావాలి. ఆ పనికి వాలంటీర్లుగా పోవడానికి మన సంఘాలు ముందుకు రావాలని నా కోరిక. వినాయక చవితికి హాలు బుక్ చేసి వందలమందికి భోజనాలు పెట్టగలిగినవాళ్ళకి, ఒక శనివారం పారలు పట్టుకోవడం పెద్ద పని కాదు.

ట్యాక్సుల మాట కూడా తేల్చాలి. మనం కడుతున్నాం, నిజమే. మనకన్నా ముందు ఆ నేల మీద బతికినవాళ్ళున్నారు. యూటా ఆగ్నేయాన రీక్యాప్చర్ క్యాన్యన్ అనే లోయలో, ఇప్పటి ప్యూబ్లో ఆదివాసుల పూర్వీకుల ఇళ్ళ శిథిలాలున్నాయి. 2005లో కొందరు అక్కడ అనుమతి లేకుండా ఏటీవీలు, అంటే నాలుగు చక్రాల చిన్న మోటారు బండ్లు, పోయే బాట వేశారు, 2007లో బీఎల్ఎం దాన్ని మూసింది, 2014లో నిరసన పేరుతో గుంపుగా బండ్లు నడిపించారు. నా మనసు ఆ నిరసనకారుల వైపు ఏనాడూ వెళ్ళలేదు. హోపీ, జూనీ, నావహో, యూట్ జాతులవాళ్ళు ఆ చుట్టుపక్కల బేర్స్ ఇయర్స్ ప్రాంతాన్ని కాపాడమని కలిసికట్టుగా అడిగితే, 2016లో అది నేషనల్ మాన్యుమెంట్, అంటే ప్రభుత్వం ప్రత్యేకంగా కాపాడే ప్రాంతం, అయింది. మరుసటి ఏడాదే దాన్ని బాగా కుదించారు, 2021లో మళ్ళీ మొత్తం కలిపారు. వాళ్ళకి అది తాతముత్తాతల ఊరు. మనం నిన్న వచ్చినవాళ్ళం. గోడ మీద బొమ్మలు కనబడితే చెయ్యి పెట్టకుండా, రాతి ఇళ్ళ పక్కకి బండి తీసుకెళ్ళకుండా ఉండటం మనం ఇవ్వగలిగిన కనీస మర్యాద.

బాటలు మూయడం మీద రగిలిపోయేవాళ్ళు 2025 జూన్‌ని గుర్తు చేసుకోవాలి. యూటా సెనేటర్ మైక్ లీ, పడమటి రాష్ట్రాల్లో ఇరవై లక్షల ఎకరాలకు పైగా ప్రభుత్వ భూమిని అమ్మే ప్రతిపాదన సెనేట్ బిల్లులో పెట్టాడు. వేటగాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, జీపులవాళ్ళు, హైకర్లు, ఎన్నడూ ఒక మాట మీద లేనివాళ్ళంతా ఒక్కటై ఫోన్లు చేశారు. ఆ నెల చివరికే వెనక్కి తీసుకున్నాడు. మూసిన బాటని రేపు మరో ఆఫీసరు తెరవచ్చు, లాబిరింత్ విషయంలో ఆ చర్చ వచ్చింది కూడా. అమ్మేసిన భూమికి కంచె పడుతుంది, నడిచేవాడూ పోలేడు, నడిపేవాడూ పోలేడు. మన ప్రత్యర్థి ఎవరో అక్కడ తెలిసింది. నడిచే హైకరుతో కొసదారుల గురించి ఎంత వాదించినా, భూమి అమ్ముతామన్న రోజు నేను అతని పక్కనే నిలబడతాను.

ఇక మనం చేయగలిగింది. 1972లో ప్రెసిడెంట్ నిక్సన్ ఇచ్చిన ఆదేశం నుంచి, ప్రభుత్వ భూముల్లో బండ్లు ఎక్కడ పోవచ్చో ముందుగా నిర్ణయించి ప్రకటించాలన్న పద్ధతి వచ్చింది. మట్టికీ, జంతువులకీ, తోటి మనుషులకీ హాని తగ్గేలా బాటలు గుర్తించాలని అందులో ఉంది. ప్రాంతం తర్వాత ప్రాంతానికి ఆ ప్లాన్లు తయారవుతూనే ఉన్నాయి. ప్రతి ప్లానుకీ ముందు జనం అభిప్రాయాలు రాయడానికి గడువు ఇస్తారు. సిటిజన్ అయ్యుండాలన్న నియమం లేదు, హెచ్1బీ మీద ఉన్నా రాయొచ్చు. “అన్నీ తెరవండి” అని ఎవరో ఇచ్చిన ఫారం మీద సంతకం పెట్టి పంపితే దాని బరువు తక్కువ. బాట నంబరు వేయండి. ఎప్పుడు వెళ్ళారో, ఏ బండిలో వెళ్ళారో, అంచు దగ్గర ఎన్ని టెంట్లు పడతాయో, వాగు ఎక్కడ కోసిందో రాయండి, ఫొటో జత చేయండి. అలాంటి నిర్దిష్టమైన అభ్యంతరాలకే బరువుంటుంది. ఉంచాల్సిన కొసదారుల జాబితాతో పాటు, మూస్తే అభ్యంతరం లేని వాగు దారుల పేర్లు కూడా అదే ఉత్తరంలో పెట్టండి. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాయడానికి ఇబ్బందైతే మన గ్రూపులో అడగండి, కూర్చుని కలిసి రాద్దాం.